ఒడియా అక్షరాల తెలుగు గది

లైబ్రరీ ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు అప్పుడప్పుడు ఒడిశాలో, బరంపురం శివారు అంకులిలో మా ఇంటికి వస్తుంటారు. బరంపురంలో తెలుగు పుస్తకాల గదిని చాలాకాలం నడిపిన మనిషిని కదా, నా దగ్గర ఏవో కిటుకులుంటాయని వాళ్ళ ఆశ. పుస్తకాలు ఏ వరసలో పెట్టాలి, కంప్యూటర్లో ఎలా ఎక్కించాలి అని అడుగుతారు. అవన్నీ శిక్షణలో చెబుతారు. అక్కడ చెప్పనిది ఒకటుంది. పుస్తకాన్ని కాపాడటం మన పనిలో సగమే. దాన్ని చదవగలిగే మనిషిని కూడా మనమే తయారు చేసుకోవలసిన రోజు వస్తుంది. నాకు వచ్చింది. ఎలా గెలిచామో చెబుతాను. గెలిచాం కాబట్టి కాస్త గొప్పలు కూడా చెప్పుకుంటాను, ఓర్చుకోండి.

ఖాళీ కుర్చీలు

మా గ్రంథాలయంలో రెండు గదులు, మధ్యలో ఒక వరండా. ఒక వైపు ఒడియా పుస్తకాలు, ఒక వైపు తెలుగు పుస్తకాలు. ఒడియా గది చూసేది మిశ్రా బాబు. కటకం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పాత రాతలు చదవడంలో దిట్ట. తెలుగులో మాత్రం నమస్కారం దాటి ఒక్క మాట రాదు. తెలుగు గది నాది. మా ఇద్దరి మీదా కార్యదర్శి జగన్నాథరావు గారు, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు.

మాస్టారి గురించి ఉన్నమాట చెప్పాలి. ఆయన పుస్తకం మీద దుమ్ము కనిపిస్తే తన కండువాతోనే తుడిచేవారు. పేజీ మూల మడిచినవాడిని వరండా చివరిదాకా తరిమేవారు. పుస్తకాలను ప్రేమించినంతగా పాఠకులను ప్రేమించలేదు. అలాంటి పెద్దమనిషి ప్రతి లైబ్రరీలోనూ ఒకరుంటారు. వాళ్ళతో పోట్లాడండి, తప్పదు. కాని వాళ్ళను వదులుకోకండి.

నేను చేరిన కొత్తలో తెలుగు గదిలో కూర్చోవడానికి చోటుండేది కాదు. రైల్వేవాళ్ళు, బట్టల కొట్లవాళ్ళు, టీచర్లు పొద్దున్నే వచ్చి దినపత్రిక కోసం వంతు కాసేవారు. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళ మనవలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాని బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో. గది ఖాళీ అవుతూ వచ్చింది. టీవీని తిట్టుకున్నాం, ఫోన్లను తిట్టుకున్నాం. చివరికి కమిటీవాళ్ళు ఒక మాట అనేశారు. తెలుగు పుస్తకాలను గోదాములో పెట్టి, గదిని పోటీ పరీక్షల క్లాసులకు ఇచ్చేద్దాం అని. వార్షిక సమావేశంలో తీర్మానం చేస్తారు, ఈలోగా ఏమైనా చెయ్యగలిగితే చెయ్యమన్నారు.

మాస్టారు ఆ సాయంత్రం బీరువాల మధ్య ఒంటరిగా తిరగడం చూశాను. ఆయనకూ గుండె పగిలింది. ఏం చెయ్యాలో మాత్రం మా ఇద్దరికీ తోచలేదు.

వానకు ఆగిన ఇద్దరు

ఒక మధ్యాహ్నం పెద్ద వాన. బజారు పని మీద వచ్చిన ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాలు మా వరండాలోకి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ పేరు మంగమ్మ, ఊరు గిరిసోల, ఇచ్ఛాపురం వెళ్ళే దారిలో సరిహద్దు మీద ఉన్న ఊరు. పిల్ల పేరు గౌరి, హైస్కూల్లో చదువుతోంది. నేను తెలుగులో పలకరించేసరికి మంగమ్మ మొహం విచ్చుకుంది.

“ఇక్కడ తెలుగు పుస్తకాలుంటాయేటమ్మా?”

“బోలెడున్నాయి. లోపలికి రండి.”

ఆవిడ గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. “ఒలే గవరీ! ఇటు రా. ఎన్ని పుస్తకాలో సూడు! ఒక కత సదివి ఇనిపించే.”

గౌరి ఉత్సాహంగా ఒక బొమ్మల పుస్తకం తీసింది. తెరిచింది. తిరగేసింది. మొహం చిన్నబోయింది. “మామ్మా, నాకు తెలుగు అచ్చరాలు రావు గదా.”

“నోరు తెరిత్తే తెలుగే గదే నీకు! సదవలేవేటి?”

“మా ఇస్కూల్లో వొరియాయే గదా సెప్పినారు.”

పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని నేనే చదివి వినిపించాను. నక్క తోక బావిలో పడే చోట గౌరి పకపకా నవ్వింది. వాన వెలిసింది. ఇద్దరూ కదల్లేదు. “తరవాతేటయ్యింది మేడమ్?” అని పిల్ల నా కుర్చీ దాకా జరిగి వచ్చింది. ఇంత ఆకలి ఉన్న పాఠకురాలిని చూసి ఎన్నాళ్ళయిందో! ఆ పిల్లకు తెలుగంటే ఇష్టం లేక కాదు, తెలుగు రాక కాదు. మధ్యలో అక్షరాలు అడ్డు నిలబడ్డాయి, అంతే. మేం ఫోన్లను తిట్టుకుంటూ ఈ సంగతే చూడలేదు.

వెళ్ళబోతూ మంగమ్మ గుమ్మంలో ఆగింది. “మా ఇంట్లోనూ ఒక పుస్తకమున్నాదమ్మా. తాటాకులది. మా మావగారి తండ్రి రాసినాడంట. దేవుడి గూట్లో ఎట్టి పసుపు రాత్తన్నాం. ఏటి రాసున్నాదో సదివినోడు లేడు. పురుగు పట్టీసింది, పున్నానికి ఏట్లో కలిపీద్దామంతన్నాడు మావోడు.”

“కలపనివ్వకండి. నేనొచ్చి చూస్తాను,” అన్నాను.

పుస్తకం ఎటు నడిచింది

మంగమ్మను చూసి నవ్వకండి. లోకంలో తొలి గ్రంథాలయాలు చాలావరకు అలాంటివే. మట్టి పలకల మీద రాసి గుడిలోనో కోటలోనో దాచుకున్నారు. మన దేశంలో తాటాకు మీద గంటంతో గీసి, మసి రుద్ది, అటూ ఇటూ చెక్కలు పెట్టి, తాడుతో కట్టి పూజించుకున్నారు. కొన్ని దేశాల్లో పుస్తకాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని బీరువా అరకు గొలుసుతో కట్టేసేవారు. అచ్చు వచ్చాక పుస్తకం కాస్త బయటికి అడుగేసింది. తెలుగుదేశంలో మన పెద్దలు పుస్తకాలను బళ్ళ మీదా పడవల మీదా వేసుకుని ఊళ్ళకు తిప్పారు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఎక్కడ చూసినా గ్రంథాలయం బతికింది పుస్తకం మనిషి దగ్గరికి నడిచినప్పుడే. మనిషే రావాలని భీష్మించుకున్న చోట అది గోదాముగా మారింది. మేం గోదాముగా మారడానికి సిద్ధంగా ఉన్నాం.

గిరిసోలకు మిశ్రా బాబును కూడా రమ్మన్నాను. తాటాకు అనగానే ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు. రైల్లో ఒడియాలోనే వేళాకోళం: “ఒడియా అయితే నాది దీదీ, తెలుగైతే మీది. ముందే చెబుతున్నాను.”

గిరిసోల వాకిట్లో

మంగమ్మ కొడుకు అప్పన్న వాకిట్లో చాప వేశాడు. దేవుడి గూట్లోంచి కట్ట తెచ్చారు. పసుపు గట్టిపడి చెక్కలకు అంటుకుపోయింది. మెల్లగా విప్పి మొదటి ఆకు ఎత్తి చూశాను. నాకు ఒడియా మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు; ఆ రాతలో ఒక్క అక్షరం తెలియలేదు. తెలుగు కాదు. నా ప్రాణం ఉసూరుమంది.

మిశ్రా బాబు మొహం మాత్రం వెలిగిపోయింది. “ఒడియా! దీదీ, ఒడియా!” అని ఆకు అందుకున్నాడు. కళ్ళద్దాలు సర్దుకుని ఒక వరస చదువుకున్నాడు. రెండో వరస చదువుకున్నాడు. మొహంలో వెలుగు తగ్గింది.

“ఇది ఒడియా కాదు. అక్షరాలు మావే, మాటలు మావి కావు. ఏ భాషో తెలియడం లేదు.”

అప్పన్న తల గోక్కున్నాడు. “సదువుకున్నోల్లిద్దరొచ్చినా తెలీనేదంటే మరేటి సేత్తాం? ఏట్లో కలిపీడమే.”

“గట్టిగా చదవండి బాబూ,” అన్నాను.

“అర్థం తెలియకుండానా?”

“తెలియకుండానే.”

ఆయన గొంతు సవరించుకుని, ఒడియా పలుకుబడితో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. “నారు దీసే... పిల్లొ... నొడుమేత్తి... సూడే... నొల్లొ మొబ్బొమ్మోచ్చే...”

అరుగు మీద బియ్యం చెరుగుతున్న మంగమ్మ చేట ఆపేసింది. “ఇంకోపాలి సదవమనమ్మా ఆ బాబుని.”

మళ్ళీ చదివాడు. మంగమ్మ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. నిలబడి పాడింది.

“నారు దీసే పిల్లా నడుమెత్తి సూడే
నల్లమబ్బమ్మొచ్చె నీల్లు మోసీసి...”

పాడుతూనే ఏడ్చేసింది. “మా అత్త పాటమ్మా ఇది! ఊడుపుల్లో ముందు మడిలో నిలబడి పాడీది. నాను మరిసిపోనాననుకున్నాను!”

నేను మిశ్రా బాబు వంక చూశాను, ఆయన నా వంక చూశాడు. ఇంటి పెద్దాయన బడిలో నేర్చింది ఒడియా అక్షరం, నోట్లో ఉన్నది తెలుగు మాట. చేతికొచ్చిన అక్షరాలతో నోటికొచ్చిన భాషను రాసేసుకున్నాడు. ఎవరి అనుమతీ అడగలేదు.

ఇక చూడాలి ఆ వాకిలి! ఇరుగు పొరుగు ఆడవాళ్ళు పోగయ్యారు. మిశ్రా బాబు ఒక వరస చదవడం, మంగమ్మ దాన్ని పట్టుకుని పాట చెయ్యడం, మిగతావాళ్ళు వంత పాడటం. చదివేవాడికి అర్థం తెలియదు, అర్థం తెలిసినావిడకు చదవడం రాదు. ఇద్దరూ కలిసి ఆకు తరవాత ఆకు దాటించారు. ఊడుపు పాటలు, జోల పాటలు, నడుమ నడుమ చిన్న కతలు. మిశ్రా బాబు గొంతు బొంగురుపోతే అల్లం టీ ఇచ్చి మళ్ళీ చదివించారు.

గౌరి ఆయన పక్కన చేరి ఆకులోకి తొంగి చూస్తోంది. పాత రాతలో కొన్ని అక్షరాలు వేరుగా ఉంటే ఆయన వేలు పెట్టి చూపించాడు. కాసేపటికి ఆ పిల్ల తనే ఒక వరస చదివింది. ఒడియా అక్షరం చదివింది, తెలుగు అర్థంతో చదివింది, తెలుగు నవ్వు నవ్వింది. ఆ వాకిట్లో అక్షరమూ అర్థమూ రెండూ ఉన్నది ఆ ఒక్క పిల్లకే! తెలుగు అక్షరాలు రాని పిల్ల అని మేం జాలిపడిన పిల్లకు!

“మరి ఏట్లో కలపొద్దేటమ్మా?” అన్నాడు అప్పన్న.

మంగమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. “నోరు మూసుకోరా! మీ మామ్మని ఏట్లో కలిపీమంతావేటి?”

కట్టను మేం తెచ్చుకోలేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇంట్లో బతుకుతున్న పుస్తకాన్ని లైబ్రరీ పేరు చెప్పి లాక్కురాకూడదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పూసి, ఆరాక ప్రతి ఆకుకూ ఫోటో తీసుకుని, కొత్త గుడ్డలో చుట్టి ఆవిడ చేతికే ఇచ్చాం.

తిరుగు రైల్లో నేను అన్నాను: “బాబూ, ఆ పెద్దాయన చేసిన పనే మనమూ చేస్తే? తెలుగు కతలు, ఒడియా అక్షరాల్లో, ఈ పిల్లల కోసం.”

ఆయన కిటికీలోంచి చూస్తూ ఆలోచించి నవ్వాడు. “అక్షరాలు మా గది నుంచి ఇస్తాను. కతలు మీ గది నుంచి తెండి.”

మాస్టారితో పోట్లాట

జగన్నాథరావు గారికి చెప్పగానే కుర్చీలోంచి లేచిపోయారు.

“తెలుగును ఒడియా లిపిలోనా? మతి ఉండే మాట్లాడుతున్నావా అమ్మా? వాళ్ళకు ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం. నెలకూ నేలకూ తేడా లేని రాతలో తెలుగు రాస్తావా?”

“గిరిసోలలో రాశారు మాస్టారూ. పాట బతికింది.”

“ఇవాళ లిపి వదిలేస్తే రేపు భాషే పోతుంది.”

“లిపి ఆ పిల్లల దగ్గర ఎప్పుడో పోయింది. మిగిలింది భాష. ఉన్నదాన్ని పట్టుకుంటే పోయినదాన్ని తేవచ్చు.”

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. చివరికి, “చేసుకో. అడ్డం రాను. కాని సమావేశంలో నా అభిప్రాయం అడిగితే మాత్రం తప్పనే చెబుతాను,” అన్నారు. మొహం మీద చెప్పి ఎదిరించేవాడు దొరకడం అదృష్టం. చాటున చేసేవాళ్ళతోనే ప్రమాదం.

గిరిసోల కతలూ పాటలూ ఏరి ఒక చిన్న పుస్తకం కట్టాం. ఎడమ పేజీలో ఒడియా అక్షరాలు, కుడి పేజీలో అదే పాట తెలుగు అక్షరాల్లో. జిరాక్స్ తీసి మధ్యలో దారంతో కుట్టాం. ఆదివారాలు గౌరి స్నేహితురాళ్ళను వెంటేసుకుని రైలెక్కి వచ్చేది. అంకులి పిల్లలు కూడా తోడయ్యారు. కాని కమిటీవాళ్ళలో ఎవరూ ఆదివారం అటువైపు రాలేదు. వాళ్ళ లెక్కలో గది ఇంకా ఖాళీగానే ఉంది.

తీర్మానం రోజు

సమావేశం తెలుగు గదిలోనే పెట్టారు. వేదిక మీద అధ్యక్షుడు, పక్కన మాస్టారు, ఎదురుగా కమిటీవాళ్ళు. తీర్మానం చదివి చేతులెత్తించి టీ తాగి వెళ్ళిపోదామనుకున్నారు.

ఇంతలో గిరిసోల దిగింది. మంగమ్మ ముందు, వెనక ఆడవాళ్ళు, పిల్లలు, అప్పన్న. అంకులి పిల్లల వెంట తల్లులు. కుర్చీలు చాలక మిశ్రా బాబు ఒడియా గది కుర్చీలన్నీ మోయించాడు. అవీ చాలక చాపలు పరిచాం. అధ్యక్షుడు బిత్తరపోయి, “వీళ్ళంతా ఎవరు?” అన్నాడు.

“మన పాఠకులండి,” అన్నాను. ఆ రెండు మాటలు పైకి అనగలిగినందుకు నాకు ఈనాటికీ గర్వమే.

తీర్మానానికి ముందు ఒక పిల్ల కత చదువుతుందని అనుమతి అడిగాను. గౌరి లేచింది. ఎడమ పేజీ చూస్తూ గలగలా చదువుతోంది. వానలు లేని ఊరి కత. సభ నిశ్శబ్దంగా వింటోంది. “నేల దాటినా వాన పడలేదు...” అని చదివింది.

“నెల!” అని వేదిక మీంచి కేక. మాస్టారు ఆపుకోలేకపోయారు. “నేల కాదమ్మా, నెల! నెల దాటినా వాన పడలేదు, నేల నోరు తెరిచింది!”

గౌరి బెదరలేదు. “రెండూ ఒక్కలాగే ఉన్నాయి తాతగారూ. నానెలా పోల్చుకుంతాను?”

మాస్టారు నా వంక చూశారు, ‘చెప్పానా’ అన్నట్టు. ఆయన లేచి, వేదిక దిగి, పిల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో పుస్తకం తీసేసుకుంటారనే అనుకున్నాను. తీసుకోలేదు. కుడి పేజీ మీద వేలు పెట్టారు.

“ఇటు చూడు. ఇది నె. దీని తలమీద ఎత్వం. ఇది నే. దీనికి ఏత్వం. కనబడిందా తేడా?”

గౌరి వంగి చూసింది. ఆ గీతను చూసింది, ఈ గీతను చూసింది. “ఓస్, ఇంతేనా!” అంది. వేలితో దిద్దుకుంటూ తెలుగు పేజీలోంచే చదివింది. “నె-ల. నే-ల.” మళ్ళీ చదివింది, ఈసారి ఆగకుండా. “నెల. నేల!”

చాపల మీద పిల్లలంతా బిలబిలా లేచారు. “తాతగారూ, మాకూ సూపించండి!” “నాకు ముందు!” “మా పేరెలా రాత్తారు?” మాస్టారి చుట్టూ మూగేశారు. ఆయన కాసేపు నిలబడే చెప్పారు. తరవాత పంచె సర్దుకుని చాప మీద కూర్చుండిపోయారు. జేబులోంచి కలం తీశారు. ఒక పిల్లాడు పుస్తకం మూల మడిచి పట్టుకున్నాడు. ఆయన చూశారు. వాడి పేరు రాసి చూపించారు.

వేదిక మీద అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. “కార్యదర్శి గారూ, గది ఖాళీ చేసే తీర్మానం మీద మీ అభిప్రాయం?”

మాస్టారు తల ఎత్తలేదు. “ఇప్పుడు కుదరదండి. గదిలో క్లాసు జరుగుతోంది.”

ముందు మంగమ్మ నవ్వింది. తరవాత సభంతా నవ్వింది. అధ్యక్షుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోటీ పరీక్షల క్లాసులకు మేడ మీద హాలు చూసుకున్నారు. తెలుగు పుస్తకం ఒక్కటీ గోదాము మొహం చూడలేదు.

ఆ తరవాత

పుస్తకాన్ని రెండోసారి అచ్చు వేసేటప్పుడు పొట్టి ఎ ఉన్న ప్రతి చోటా ఒడియా అక్షరం కింద ఒక చుక్క పెట్టించింది మాస్టారే. “వేసేదేదో తప్పుల్లేకుండా వెయ్యండి,” అన్నారు. పిల్లలు ఎడమ పేజీతో మొదలుపెట్టి, మాట మాటా పోల్చుకుంటూ కుడి పేజీకి దాటేవారు. మళ్ళీ వానలు మొదలయ్యేసరికి గౌరి ఒట్టి తెలుగు పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళింది. ఒడియా గదికీ పాఠకులు పెరిగారు. లిపి పోతే భాష పోతుందన్న మాస్టారి భయం తప్పు కాదు. కాని భయంతో తలుపు వేసుకుంటే రెండూ పోతాయి. మీరు ఎక్కడ పనిచేసినా, పాఠకుడికి ఏం రాదో వెతకడం మానేసి ఏం వచ్చో అడగండి. అక్కడి నుంచి దారి వెయ్యండి.

నేను రిటైరవడానికి కొన్నాళ్ళ ముందు, ఒక ఆదివారం గంజాం నుంచి కొంతమంది వచ్చారు. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట చేపలవేట చేసుకుని బతికే తెలుగువాళ్ళు. వాళ్ళలో నూకాలమ్మ అనే చేపల వ్యాపారం చేసే మనిషి తిన్నగా మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి నడుం మీద చేతులేసుకుంది.

“గిరిసోలోల్ల పాటలు పుస్తకమేసినారంట. మా సముద్రపొడ్డు కతలు కతలు కావేటి?”

“ఎందుకు కావమ్మా! కూర్చో. చెప్పు,” అని మాస్టారు గబగబా కాగితాలు ముందుకు లాక్కున్నారు.

ఆవిడ కూర్చోలేదు. నిలబడే మొదలెట్టింది. నడిసంద్రంలో దిక్కు తప్పిన తెప్ప, దాన్ని ఒడ్డుకు తోసుకొచ్చిన తాబేలు. చేతులతో కెరటాలు చూపిస్తూ, గొంతులో గాలి వీయిస్తూ చెప్పుకుపోతోంది. పిల్లలు బల్ల చుట్టూ చేరారు. మిశ్రా బాబు తన గది వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మాస్టారు రాయలేక చెయ్యి విదిలించుకున్నారు.

“కాస్త మెల్లగా చెప్పు తల్లీ.”

“కెరటం మెల్లగా ఒత్తాదేటి మాస్టారూ? రాసీండి!”

మాస్టారు పగలబడి నవ్వి, కాగితం తిప్పి, మళ్ళీ కలం పట్టుకున్నారు.